బిల్లు ఎక్కడిదాకా వచ్చిందో ఆన్‌లైన్‌లో మీరే చూసుకోవడం ఎలా

"కొత్త చట్టం వచ్చేసిందట" అన్న మాట మన ఫోన్‌కి చేరేసరికి నాలుగింటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. మంత్రి మైకు ముందు ఒక ఆలోచన చెప్పి ఉండొచ్చు. ముసాయిదా బయటపెట్టి అభిప్రాయాలు అడిగి ఉండొచ్చు. బిల్లును సభలో పెట్టి ఉండొచ్చు. లేదా నిజంగానే చట్టమై ఉండొచ్చు. ఫార్వర్డ్ మెసేజ్‌లో ఈ నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. నేనూ ఒకసారి అలాంటిది నమ్మి పది మందికి పంపాను. తీరా చూస్తే అది ఒక ప్రైవేటు సభ్యుడు, అంటే మంత్రి కాని సభ్యుడు, పెట్టిన బిల్లు. భారత పార్లమెంటులో 1970 తర్వాత అలాంటి బిల్లు ఒక్కటీ చట్టం కాలేదు, అంతకుముందు అయినవి కూడా మొత్తం 14 మాత్రమే. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. నేను పంపిన వాళ్లందరికీ "అది కాదండీ" అని చెప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

ఆ ఐదు నిమిషాల పని ఎలా చేయాలన్నదే ఇక్కడ విషయం. సమాచారం ఇప్పుడు దాచిపెట్టిన సరుకేమీ కాదు. అమెరికా కాంగ్రెస్ బిల్లుల కోసం 1995లోనే 'థామస్' అనే సైటు పెట్టారు, దాని స్థానంలో ఇప్పుడు కాంగ్రెస్ డాట్ గవ్ నడుస్తోంది. బ్రిటన్‌కి, కెనడాకి, యూరోపియన్ యూనియన్‌కి, భారత్‌కి కూడా సొంత సైట్లున్నాయి. చిక్కల్లా ఏ పేరుతో వెతకాలో తెలియకపోవడం, దొరికిన పేజీని ఎలా చదవాలో తెలియకపోవడం. కింద చెప్పే వరస ఏ దేశం బిల్లుకైనా పనికొస్తుంది. ఉదాహరణలు మాత్రం భారత్, అమెరికాలవి ఎక్కువ ఉంటాయి, నేను ఎక్కువగా తిరిగేది ఆ సైట్లలోనే.

మొదటి పని: అసలు పేరు, నంబరు పట్టుకోండి

వార్తల్లో వాడే పేరు ఒకటి, కాగితం మీద ఉండే పేరు ఇంకొకటి. "మహిళా రిజర్వేషన్ బిల్లు" అని వెతికితే పత్రికల కథనాలు కుప్పలుగా వస్తాయి గానీ బిల్లు దొరకదు. 2023లో వచ్చిన ఆ బిల్లు అసలు పేరు రాజ్యాంగ (128వ సవరణ) బిల్లు. చట్టమయ్యాక అది రాజ్యాంగ (106వ సవరణ) చట్టం అయింది. పెట్టిన సవరణ బిల్లులన్నీ చట్టాలు కావు కాబట్టి బిల్లుల లెక్క ఒకటి, చట్టాల లెక్క ఒకటి విడివిడిగా నడుస్తాయి. ఇది తెలియకపోతే 128వ సవరణ చట్టం కోసం ఎంత వెతికినా ఫలితం ఉండదు.

నంబరు ఒక్కటే చాలదు, దాని పక్కన సంవత్సరమో సభ కాలమో ఉండాలి. భారత్‌లో బిల్లు నంబర్లు ఏటా మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. లోక్‌సభ బిల్లులకు మామూలు అంకెలు వేస్తారు, రాజ్యసభ బిల్లులకు రోమన్ అంకెలు వేస్తారు, కాబట్టి కాగితం చూడగానే ఏ సభలో పుట్టిందో తెలిసిపోతుంది. అమెరికాలో ప్రతినిధుల సభ బిల్లుకు ముందు హెచ్.ఆర్. అని, సెనేట్ బిల్లుకు ముందు ఎస్. అని ఉంటుంది. రెండేళ్లకోసారి కొత్త కాంగ్రెస్ కొలువుదీరగానే లెక్క మొదటికొస్తుంది. అంటే "హెచ్.ఆర్. 1" పేరుతో చాలా బిల్లులున్నాయి, ఎన్నో కాంగ్రెస్‌దో చెప్పకపోతే ఆ పేరుకు అర్థం లేదు. ఈ విషయంలో యూరోపియన్ యూనియన్ వాళ్లది నాకు నచ్చిన పద్ధతి. ఒక ప్రతిపాదనకి మొదట ఇచ్చిన ప్రొసీజర్ నంబరే చివరిదాకా ఉంటుంది. కృత్రిమ మేధ చట్టానికి 2021లో ఇచ్చిన 2021/0106 అన్న నంబరుతో వెతికితే 2024 దాకా జరిగిన కథంతా ఒకే పేజీలో దొరుకుతుంది.

పేరులో "నంబర్ 2" అనో "రెండో" అనో కనిపిస్తే మాత్రం ఆగి చూడండి. 2025 ఫిబ్రవరి 13న లోక్‌సభలో ఆదాయపు పన్ను బిల్లు పెట్టారు. అది పరిశీలన కోసం కొందరు సభ్యులతో వేసిన సెలెక్ట్ కమిటీకి వెళ్లింది. ఆగస్టు 8న ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. ఆగస్టు 11న ఆదాయపు పన్ను (నంబర్ 2) బిల్లు వచ్చింది. అదే రోజు లోక్‌సభ, మర్నాడు రాజ్యసభ ఆమోదించాయి. ఫిబ్రవరి నాటి పేజీని బుక్‌మార్క్ చేసుకుని దాన్నే చూస్తూ కూర్చున్నవాళ్లకి చివరికి కనిపించింది "ఉపసంహరించారు" అన్న మాట ఒక్కటే. పాత బిల్లు పోయింది కదా అని వాళ్లు నిశ్చింతగా ఉంటే, కొత్తది రెండు రోజుల్లో రెండు సభలూ దాటేసింది. అందుకని "ఉపసంహరణ" అని కనిపించిన ప్రతిసారీ అదే శాఖ పేరుతో ఇంకోసారి వెతకండి.

అసలు పేరు ఏమాత్రం తెలియకపోతే, వార్తలో ఉన్న తేదీ, శాఖ పేరు ఈ రెండూ పట్టుకుని సైటులో ఆ వారం ప్రవేశపెట్టిన బిల్లుల జాబితా చూడండి. భారత ప్రభుత్వ బిల్లులైతే సాధారణంగా పది పన్నెండు పేర్లకు మించి ఉండవు, మీది ఇట్టే దొరుకుతుంది.

రెండో పని: రెండు పేజీలు తెరిచి పెట్టుకోండి

ఒకటి అధికారికమైనది, ఇంకొకటి అర్థమయ్యేలా వివరించేది. తేదీల దగ్గర అనుమానం వస్తే మొదటిదాని మాట వినాలి, విషయం బోధపడకపోతే రెండోదాని దగ్గరికి వెళ్లాలి.

భారత్ విషయంలో మొదటిది సంసద్ డాట్ ఇన్. లోక్‌సభ, రాజ్యసభ రెండింటికీ అందులో లెజిస్లేషన్ అనే విభాగం ఉంటుంది. బిల్లుల పట్టికలో ప్రవేశపెట్టిన తేదీ, కమిటీకి పంపారా లేదా, ఏ సభ ఎప్పుడు ఆమోదించింది, రాష్ట్రపతి ఆమోదముద్ర ఎప్పుడు పడింది, ఇవన్నీ వరసగా ఉంటాయి. రెండోది పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్. 2005లో మొదలైన ఈ సంస్థ ప్రతి ప్రభుత్వ బిల్లుకీ ఒక పేజీ పెడుతుంది. పైన మెట్లు, తేదీలతో ఒక గీత ఉంటుంది, కింద బిల్లు పాఠం, సారాంశం, కమిటీ నివేదిక ఉంటాయి. సారాంశం సాధారణంగా రెండు పేజీలకు మించదు. అరవై పేజీల బిల్లు ముందు కూర్చునే ముందు దాన్ని చదవడం నయం.

అమెరికా ఫెడరల్ బిల్లులకు కాంగ్రెస్ డాట్ గవ్, దాని పక్కన 2004 నుంచి నడుస్తున్న గవ్‌ట్రాక్. రాష్ట్రాల బిల్లులకైతే యాభై రాష్ట్రాలనీ ఒకేచోట చూపించే లెజిస్కాన్ ఉంది. బ్రిటన్‌కి పార్లమెంటు వారి బిల్స్ సైటు, దానికి తోడుగా మైసొసైటీ నడిపే దే వర్క్ ఫర్ యూ. కెనడాకి లెజిస్‌ఇన్ఫో. యూరోపియన్ యూనియన్‌కి పార్లమెంటు వారి లెజిస్లేటివ్ అబ్జర్వేటరీ.

వివరించే సైటు ఎవరిదో కూడా ఒకసారి చూసుకోండి. ఒక బిల్లును గెలిపించాలనో ఓడించాలనో పనిచేసే సంఘాలు కూడా "బిల్ ట్రాకర్" పేరుతో పేజీలు పెడతాయి. వాటిలో తేదీలు కరెక్టుగానే ఉంటాయి, సారాంశంలోనే వాళ్ల మొగ్గు కనిపిస్తుంది. ఇక చాట్‌బాట్‌ని "ఈ బిల్లు ఏమైంది" అని అడగడం గురించి ఒక్క మాట. అది నిన్నటి సంగతి కాక నిరుటి సంగతి చెప్పినా అంతే ధీమాగా చెబుతుంది. అధికారిక పేజీ తెరవకుండా దాని మాట ఎవరికీ పంపకండి.

మూడో పని: ఏ మెట్టు మీద ఉందో చదవండి

పేర్లు దేశానికొక రకంగా ఉన్నా మెట్ల వరస దాదాపు ఒకటే. ఒక సభలో ప్రవేశపెడతారు, మూలసూత్రం మీద చర్చిస్తారు, కమిటీ చూస్తుంది, క్లాజుల వారీగా సవరణలు చేస్తారు, ఓటు వేస్తారు, రెండో సభలో మళ్లీ ఇదంతా జరుగుతుంది, చివరికి దేశాధినేత సంతకం. బ్రిటన్ సైటులో మొదటి రీడింగ్ అని కనిపిస్తే చర్చ జరిగిందనుకోవద్దు. ఆ రోజు పేరు చదవడం తప్ప ఏమీ ఉండదు, అసలు చర్చ రెండో రీడింగ్‌లో.

"ప్రవేశపెట్టారు" అన్న మాటకు ఎంత విలువ ఇవ్వాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో ఒక్కో కాంగ్రెస్‌లో పది వేలకు పైగా బిల్లులు పెడతారు, చట్టాలయ్యేది వాటిలో కొద్ది శాతమే. అక్కడ "కమిటీకి పంపారు" అన్న గీత దగ్గరే ఎక్కువ బిల్లుల కథ ముగుస్తుంది. ఎవరూ తిరస్కరించరు, ఎవరూ ఎత్తుకోరు, అలా ఉండిపోతాయి. భారత్‌లో ప్రభుత్వమే పెట్టిన బిల్లు అయితే లెక్క వేరు. సభలో ప్రభుత్వానికి మెజారిటీ ఉంటుంది కాబట్టి అది కదిలిందంటే వేగంగా కదులుతుంది. ఇందాక చెప్పిన 128వ సవరణ బిల్లునే చూడండి. 2023 సెప్టెంబరు 19న ప్రవేశపెట్టారు, 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించాయి. వారానికోసారి సైటు చూసే అలవాటున్నవాళ్లు అసలు కదలికే చూడలేకపోయారు.

కాబట్టి సమావేశాలు జరిగే రోజుల్లో బిల్లు పేజీ కంటే సభా కార్యక్రమాల జాబితాను చూడటం మేలు. రేపు సభలో ఏ బిల్లు ఎత్తుకుంటారో అందులో ఉంటుంది. చివరి నిమిషంలో అదనపు జాబితా కూడా వస్తుంది, అదీ చూడాలి. అమెరికా ప్రతినిధుల సభ అయితే ఆ వారం చర్చకు రాబోయే బిల్లులను ముందుగానే ఒక పేజీలో పెడుతుంది. సమావేశాలు లేని రోజుల్లో రోజూ చూడటం దండగ. అప్పుడు కమిటీలు మాత్రమే పనిచేస్తుంటాయి.

ద్రవ్య బిల్లు (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల లాంటి డబ్బు విషయాల బిల్లు) అని ముద్ర ఉంటే రాజ్యసభ దగ్గర ఆగుతుందని ఎదురుచూడకండి. 14 రోజుల్లోపు సిఫారసులు చేయడం వరకే రాజ్యసభ పాత్ర, వాటిని తీసుకోవాలా వద్దా అన్నది లోక్‌సభ ఇష్టం.

అందరూ మర్చిపోయే మెట్టు ఇంకొకటుంది, బిల్లు మురిగిపోవడం. లోక్‌సభ రద్దయితే అక్కడ పెండింగ్‌లో ఉన్నవీ, లోక్‌సభ ఆమోదించి రాజ్యసభలో ఆగినవీ మురిగిపోతాయి. లోక్‌సభ ఆమోదం ఇంకా పొందకుండా రాజ్యసభలోనే ఉన్నవి మాత్రం బతికే ఉంటాయి. 2008లో రాజ్యసభలో పెట్టిన మహిళా రిజర్వేషన్ బిల్లును ఆ సభ 2010 మార్చి 9న ఆమోదించింది. ఆ ఆమోదంతోనే అది లోక్‌సభ చేతికి వెళ్లింది. అక్కడ ఓటుకు రాకుండానే 2014లో సభ కాలం ముగిసి, బిల్లూ మురిగింది. రాజ్యసభ దాటడమే దానికి మురిగిపోయే గండం తెచ్చిందన్నమాట. బ్రిటన్‌లోనూ అంతే. అద్దెదారుల కోసం తెచ్చిన రెంటర్స్ (రిఫార్మ్) బిల్లు 2024 ఎన్నికల ముందు పార్లమెంటు రద్దుతో పోయింది, ఎన్నికల తర్వాత రెంటర్స్ రైట్స్ బిల్లు అన్న కొత్త పేరుతో, కొత్త పాఠంతో వచ్చింది. ఎన్నికలు దగ్గరపడుతుంటే మీ జాబితాలో ఏ బిల్లు ఏ సభలో ఉందో ఒకసారి సరిచూసుకోండి.

నాలుగో పని: ఏ పాఠం చదువుతున్నారో చూసుకోండి

నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఒకే బిల్లుకి ప్రవేశపెట్టినప్పటి పాఠం, కమిటీ మార్చిన పాఠం, ఒక సభ ఆమోదించిన పాఠం, రెండు సభలూ ఆమోదించిన పాఠం అంటూ చాలా ఫైళ్లుంటాయి. సెర్చ్‌లో పైకి వచ్చేది చాలాసార్లు మొదటిదే. దాన్ని చదివి వాదనకు దిగితే, మీరు గట్టిగా తిట్టే క్లాజు ఎప్పుడో తీసేసి ఉండొచ్చు. కాంగ్రెస్ డాట్ గవ్‌లో పాఠం ట్యాబ్ తెరిస్తే పైన వెర్షన్ల జాబితా కనిపిస్తుంది. అందులో 'ఎన్‌గ్రాస్డ్' అంటే ఒక సభ ఆమోదించినది, 'ఎన్‌రోల్డ్' అంటే రెండు సభలూ ఒకే రూపంలో ఆమోదించి అధ్యక్షుడికి పంపేది.

పేరు చూసి విషయం ఊహించడమూ ప్రమాదమే. 2010లో అమెరికాలో వచ్చిన ఆరోగ్య బీమా చట్టం నంబరు హెచ్.ఆర్. 3590. ఆ నంబరుతో 2009లో ప్రతినిధుల సభ పంపింది సైనికోద్యోగులు ఇల్లు కొనుక్కుంటే ఇచ్చే పన్ను రాయితీకి సంబంధించిన బిల్లు. సెనేట్ దానిలోని పాఠమంతా తీసేసి ఆరోగ్య బీమా పాఠం పెట్టి ఆమోదించింది. నంబరు అదే, సరుకు మాత్రం పూర్తిగా వేరు. మొదటి పాఠం మాత్రమే చూసినవాళ్లకి ఇందులో ఆసుపత్రి ఊసే ఉండదు.

సవరణ బిల్లులు చదవడం ఇంకో తలనొప్పి. "సెక్షన్ 12లో ఫలానా పదాల స్థానంలో ఫలానా పదాలు చేర్చాలి" అని రాసి వదిలేస్తారు, పాత సెక్షన్ ఏముందో తెలియకపోతే అది పజిల్. భారత పార్లమెంటు సవరణ బిల్లుల్లో దీనికి మందు చివరి పేజీల్లోనే ఉంది. అనుబంధం అనే శీర్షిక కింద, మార్చబోయే పాత సెక్షన్లను యథాతథంగా అచ్చువేస్తారు. ఆ పేజీలు ఒక కిటికీలో, బిల్లు ఇంకో కిటికీలో పెట్టుకుని చదవండి. అది చాలకపోతే ఇండియా కోడ్ సైటులో మూల చట్టం మొత్తం ఉంటుంది.

చివరిదాకా వెళ్లారు కాబట్టి అక్కడే ఉన్న ఇంకో రెండు కాగితాలు చూడండి. బిల్లు ఎందుకు తెస్తున్నారో చెప్పే ఉద్దేశాలు, కారణాల ప్రకటన ఒకటి. రెండోది దత్త శాసనాధికారం గురించిన మెమొరాండం. పేరు భయపెడుతుంది గానీ, ప్రభుత్వం తర్వాత నియమాల ద్వారా తేల్చుకోబోయే విషయాల చిట్టా అది. ఫీజు ఎంత, గడువు ఎన్ని రోజులు, మినహాయింపు ఎవరికి, ఇలాంటివి బిల్లులో లేవంటే చాలావరకు ఆ చిట్టాలో ఉంటాయి. నేను సాధారణంగా బిల్లును ఈ వెనక పేజీల నుంచే మొదలుపెడతాను.

ఐదో పని: మీ మాట వినే చోటు కనిపెట్టండి

బిల్లు కమిటీకి వెళ్తే దానికి వేరే పేజీ ఉంటుంది, బిల్లు పేజీలో అన్నీ కనిపించవు. స్థాయీ సంఘమైనా, సెలెక్ట్ కమిటీ అయినా, రెండు సభల సభ్యులూ ఉండే సంయుక్త పార్లమెంటరీ కమిటీ (జేపీసీ) అయినా, ప్రజల నుంచి లిఖితపూర్వక సూచనలు కోరితే ప్రకటన, గడువు, పంపాల్సిన చిరునామా అక్కడ పెడతారు. అంతకంటే ముందు, ముసాయిదా దశలో అయితే సంబంధిత శాఖ సైటు చూడాలి. కేంద్ర ప్రభుత్వం 2014లో తెచ్చుకున్న విధానం ప్రకారం ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలి. ఇది అన్నిసార్లూ జరగదు, కానీ జరిగినప్పుడు గడువు దాటనివ్వకండి. కమిటీ నివేదిక వచ్చాక అందులో అసమ్మతి నోట్లు వెతికి చదవండి. సభలో రాబోయే వాదనలు ముందుగా అక్కడే దొరుకుతాయి.

ఆరో పని: అలర్టులు పెట్టుకోండి

రోజూ సైటు చూడటం ఎవరివల్లా కాదు. కాంగ్రెస్ డాట్ గవ్‌లో ఉచిత ఖాతా తెరిచి బిల్లు పేజీలో అలర్ట్ నొక్కితే కదలిక ఉన్నప్పుడల్లా మెయిల్ వస్తుంది. గవ్‌ట్రాక్‌లోనూ ట్రాక్ బటన్ ఉంది. బ్రిటన్ బిల్స్ సైటులో మెయిల్ అలర్టులు, ఆర్ఎస్ఎస్ ఫీడ్ (కొత్త సమాచారాన్ని రీడర్ యాప్‌కి పంపే పద్ధతి) రెండూ దొరుకుతాయి. దే వర్క్ ఫర్ యూలో ఒక మాట ఇచ్చి, అది సభలో వినపడినప్పుడల్లా మెయిల్ వచ్చేలా పెట్టుకోవచ్చు. నాకు అన్నిట్లోకీ పనికొచ్చేది ఇదే అనిపిస్తుంది, ఎందుకంటే ఇంకా పుట్టని బిల్లు గురించి కూడా ముందే తెలుస్తుంది.

అలర్ట్ సౌకర్యం లేని పేజీలకు విజువల్‌పింగ్, డిస్టిల్ లాంటి సర్వీసులు వాడండి. పేజీలో ఏదైనా మారితే అవి కబురు పంపుతాయి. పేజీ మొత్తం కాకుండా స్థితి, తేదీలు ఉన్న ముక్కనే ఎంచుకోండి, లేకపోతే పైనున్న బ్యానర్ మారినా మెయిలే. గూగుల్ అలర్ట్స్‌లో బిల్లు పూర్తి పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. ఒకేసారి ఇరవై బిల్లులకు అలర్టులు పెట్టుకుంటే పది రోజుల్లో ఏదీ చదవరు. మూడు నాలుగు చాలు.

మీ సభ్యుడు ఎటు ఓటేశారు?

అమెరికా, బ్రిటన్ సైట్లలో పేరుపేరునా లెక్క దొరుకుతుంది, అక్కడా అన్ని ఓట్లకీ కాదు. భారత్‌లో చాలా బిల్లులు మూజువాణి ఓటుతో, అంటే నోటితో ఔను, కాదు అనడంతోనే, నెగ్గుతాయి కాబట్టి ఎవరు ఔనన్నారో, ఎవరు కాదన్నారో పేర్లతో రికార్డు ఉండదు. డివిజన్, అంటే ఒక్కొక్కరి ఓటూ నమోదు చేసి లెక్కపెట్టడం, జరిగితేనే పేర్లు ఉంటాయి. రాజ్యాంగ సవరణ బిల్లులకు డివిజన్ జరుగుతుంది. మిగతా వాటికి ఆ రోజు చర్చ పాఠంలో మీ సభ్యుడు మాట్లాడారేమో వెతకడమే మార్గం.

ఆఖరి పని: ఆమోదం తర్వాత కూడా పేజీ మూసేయకండి

సంతకమైన రోజే చట్టం అమల్లోకి వస్తుందని చాలామంది అనుకుంటారు. చట్టం మొదటి సెక్షన్ చదవండి. "కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన తేదీ నుంచి" అని ఉంటే ఇంకో నిరీక్షణ మొదలైనట్టే. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది, నియమాలు నోటిఫై అయింది 2025 నవంబరులో. అప్పుడు కూడా అన్ని సెక్షన్లూ ఒకేసారి అమలు కాలేదు, విడతలవారీగా తేదీలిచ్చారు. బిల్ ట్రాకర్ మాత్రం 2023లోనే "ఆమోదం పొందింది" అని చెప్పి తన పని ముగించుకుంది. అక్కడి నుంచి మీరు ఈ-గెజిట్ సైటుకు మారాలి. శాఖ పేరుతో, తేదీల మధ్య వెతికే సౌకర్యం అందులో ఉంది.

నోటిఫికేషన్ దొరికాక దాన్ని చివరి వాక్యం దాకా చదవండి. భారతీయ న్యాయ సంహిత 2023 డిసెంబరు 25న చట్టమైంది. 2024 జులై 1 నుంచి అమలని 2024 ఫిబ్రవరిలో నోటిఫికేషన్ ఇచ్చారు. అందులోనే, ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోయే డ్రైవర్లకు సంబంధించిన 106వ సెక్షన్ రెండో ఉపసెక్షన్‌ను మినహాయించారు. చట్టం పీడీఎఫ్‌లో ఆ ఉపసెక్షన్ శిక్షతో సహా అచ్చై ఉంది. అది జులై 1 నుంచి అమలు కాదన్న సంగతి నోటిఫికేషన్‌లోని ఒక్క వాక్యంలో ఉంది. అందుకని చట్టం పీడీఎఫ్‌ని దాచుకునే ఫోల్డర్‌లోనే ఆ నోటిఫికేషన్‌ని కూడా, నంబరు, తేదీ ఫైలు పేరులో పెట్టి దాచుకోండి.